ధాన్యపు కొట్టులో తంబాకు దుమ్ము

మా ఇంట్లో ఎవరూ పోగొట్టుకోలేకపోయింది ఒక్కటే, తిట్టు. పొలాలు పోయాయి. పశువులు పోయాయి. పడమటి వైపు కప్పు ఒక వానాకాలంలో కూలింది. దాని కింద దాచిన పల్లకీని చెదలు తిని, వెండి పొన్నులను మాత్రం వదిలేశాయి. ఆ పొన్నులను తర్వాత మేం తిన్నాం. తిట్టును మాత్రం ఎవరూ కొనలేదు, ఎవరూ కౌలుకు తీసుకోలేదు. అది మా అక్క దగ్గర భద్రంగా ఉండేది.

అక్క మొదలుపెడితే మధ్యలో ఊపిరి తీసుకునేది కాదు. పాలవాడు నీళ్లు కలిపాడని ఎత్తుకుని, వాడి బర్రె, ఆ బర్రె తాగే కుంట, ఆ కుంటలోకి మురికి వదిలే ఊరు, ఆ ఊరిని ఏలుతున్నామనుకునే పెద్దమనుషులు, వాళ్ల పెళ్లిళ్లలో వడ్డించిన చల్లారిన పప్పు దాకా ఒకే వాక్యంలో వెళ్లి, మళ్లీ పాలవాడి దగ్గరికే వచ్చి ముగించేది. వాడు అంతసేపూ గిన్నె పట్టుకుని నిలబడేవాడు. వినడానికే వస్తున్నాడేమోనని నాకు అనుమానం. పాలు మాత్రం ఎప్పుడూ చిక్కగా లేవు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, అక్క జబ్బును నేను మొదట కనిపెట్టింది ఆ వాక్యం పొడవును బట్టి. డాక్టర్లు గొట్టంలోకి ఊదించి కొలిచేది నాకు అంతకుముందే తెలిసింది.

మేమిద్దరమే ఉంటాం, ఎల్లారెడ్డి ఊరి పాత వీధిలో. జనం మా ఇంటిని ఇప్పటికీ దొరల గడి అంటారు. అలా అనేవాళ్లలో సగం మంది లోపల ఎన్ని గోడలు నిలబడి ఉన్నాయో చూడాలని అంటారు. అక్క చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చింది. నేను పెళ్లి చేసుకోలేదు. నాకు నచ్చిన ఇంటివాళ్లు మాకు పిల్లనివ్వలేదు. పిల్లనిస్తామన్న ఇంటివాళ్లు అక్క కంటికి ఆనలేదు. నేను బజారులో ఒక పురుగుమందుల దుకాణంలో కూర్చుంటాను. దుకాణం నాది కాదు. మా తాత ఎదురొస్తే చెప్పులు చేతిలో పట్టుకున్నవాళ్ల మనవలు వచ్చి, కౌంటర్ మీద మోచేయి ఆనించి, "దొరా, గడ్డిమందు ఇయ్యి" అంటారు. దొరా అన్న మాట ఎల్లారెడ్డిలో ఇప్పుడు అన్నా అన్నంత చవక.

మా ఎదురింట్లో బీడీలు చేసే ఒక ఆడమనిషి ఉంది. నోరు పెద్దది, చెయ్యి అంతకంటే వేగం. పొద్దున్నే నలుగురు ఆడవాళ్లు ఆమె గడప దగ్గర చేరి, ఒళ్లో చాటలు పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, ఊళ్లో వాళ్లందరి సంసారాలనూ పనిలో పనిగా విప్పేసేవాళ్లు. ఆమె ఆకు, తంబాకు కార్ఖానా నుంచి తన పేరు మీద ఎక్కువ తెచ్చుకుని, అందులో ఒక వాటా మా అక్కకు ఇచ్చేది. ఇలా ఎప్పుడు మొదలైందో నాకు చెప్పలేదు. నేను అడగలేదు. దుకాణంలో నాకు వచ్చేది ఇంటికి సరిపోదని అక్కకు తెలుసు. ఆమె చేతి పని వల్ల పొయ్యి వెలుగుతోందని నాకు తెలుసు. ఒకరి ముందు ఒకరం తెలియనట్టు ఉండడం మా ఇంటి పద్ధతి.

ఆకు, తంబాకు లోపలికి వచ్చేది పెరుగు గిన్నె తెస్తున్నట్టుగా గుడ్డ కప్పిన గంపలో. చుట్టిన కట్టలు బయటికి పోయేది అదే గంపలో, అదే గుడ్డ కింద. ఏ గడికీ రోజూ అంత పెరుగు రాదని వీధిలో పసిపిల్లకు కూడా తెలుసు. వాళ్లకు తెలుసని మాకూ తెలుసు. మేం పెద్ద దర్వాజ గడియ వేసుకునేవాళ్లం, వాళ్లు మొహం తిప్పుకునేవాళ్లు. దీన్నే జనం మర్యాద అంటారు.

అరుగు మీద కూర్చుని బీడీలు చేయడం అక్క వల్ల కాదు. నడిమింట్లో కూర్చుంటే ఎవరైనా వచ్చినప్పుడు కనబడుతుంది. కాబట్టి ఆమె ధాన్యపు కొట్టులో కూర్చునేది. ఆ కొట్టును మా ముత్తాత కట్టించాడు. ఎలుక దూరకూడదు, చెమ్మగాలి చొరబడకూడదు అని గోడలు మందంగా లేపి, కిటికీ అన్నది లేకుండా, పైన ఒక చిన్న బొక్క పెట్టి దానికీ చెక్క బిగించాడు. గాలి రాకుండా ఇల్లు కట్టడంలో మావాళ్లు నేర్పరులు. ధాన్యం పోయి చాలా కాలమైంది. కొట్టు మాత్రం కట్టినప్పుడు ఎంత గట్టిగా ఉందో అంతే గట్టిగా ఉంది. అందులో ఒక బల్బు కింద, తలుపు వేసుకుని, మా అక్క తంబాకు చాట ముందు కూర్చునేది.

పని అయ్యాక మిగిలే దుమ్ము, ఆకు నానబెట్టిన నీళ్లు, కత్తిరింపులు ఉంటాయి. ఎదురింటి ఆడవాళ్లు వాటిని ఊడ్చి చెత్తబండిలో వేస్తారు. మేం వెయ్యలేం. బండివాడు చూస్తాడు. అందుకని అక్క అదంతా ఒక డబ్బాలో పోసి, పెరట్లో బావి గచ్చు పక్కన కాలువలో కుమ్మరించి, రెండు చెంబుల నీళ్లు కొట్టేది. మర్యాద శుభ్రంగా కొట్టుకుపోయేది.

అక్క దగ్గు మొదట్లో ఉదయం పూట వచ్చేది. తర్వాత మెట్లెక్కితే వచ్చింది. ఆ తర్వాత తిట్టు మధ్యలో వచ్చింది. పాలవాడిని తిడుతూ కుంట దాకా వెళ్లి ఆగిపోయింది. గోడ పట్టుకుని నిలబడింది. పాలవాడు గిన్నె కింద పెట్టి, "అమ్మా, తర్వాత?" అన్నాడు. వాడి మీద నాకు మొదటిసారి కోపం రాలేదు.

కారణం వెతకడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. ఊరు కళ్ల ముందే ఉంది కదా. వీధి మలుపులో రోజూ ప్లాస్టిక్ కవర్లు, పాత చెప్పులు, పెళ్లిళ్లలో మిగిలిన థర్మకోల్ పళ్లాలు పోగేసి అంటిస్తారు. పంట కోశాక కొయ్యకాళ్లకు నిప్పు పెడితే నిజాంసాగర్ కాలువ దాకా ఆకాశం బూడిద రంగులో ఉంటుంది. కామారెడ్డిలోనైతే బస్టాండు పక్కనే వాహనాల పొగలో నిలబడి మిర్చి బజ్జీలు తింటూ, ఊరికి పోతే చల్లగాలి తగులుతుందని చెప్పుకుంటారు. ఏ ఊరి గురించో నాకు అర్థం కాదు. ఏటా ఒక రోజు పెద్దమనుషులు వచ్చి మొక్కలు నాటి, ఫొటోలు దిగి పోతారు. ఆ మొక్కలకు తర్వాత నీళ్లు పోసే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. మేకలు మాత్రం తప్పకుండా వస్తాయి.

"ఊరంతా గాలిని ఖరాబు చేస్తే నా ఛాతీ ఏం చేస్తది తమ్మీ" అని అక్క అంది. నేను అవునన్నాను. ఇద్దరం హాయిగా ఊరిని తిట్టుకున్నాం. ఊరు దానికి తగినదే. అందులో సందేహం లేదు.

కామారెడ్డిలో ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఫొటో తీయించాడు, కఫం పరీక్ష చేయించాడు, గొట్టంలోకి ఊదించాడు. క్షయ కాదని తేల్చాడు. తర్వాత, తల ఎత్తకుండా అడిగాడు.

"ఏం పని చేస్తారమ్మా?"

"మా ఇంట్ల ఆడోళ్లు పని చెయ్యరు" అంది అక్క, నిటారుగా కూర్చుని.

"కట్టెల పొయ్యి ఉందా? ఇంట్లో ఎవరైనా బీడీ, సిగరెట్ తాగుతారా?"

"బీడీనా?" అక్క ఆ మాటను చెప్పు కింద పురుగులా తొక్కింది. "మా గడప మీద ఎవ్వడు బీడీ ముట్టియ్యడు."

అది నిజం. మా గడప మీద ఎవరూ ముట్టించలేదు. నేను గోడ మీద క్యాలెండర్‌ని చదివాను. డాక్టరు కూడా ఆమె వేళ్ల వైపు చూడలేదు. చూసి ఉంటే బొటనవేలి గోరు చుట్టూ పట్టిన గోధుమరంగు కనబడేది. ఆయన పీల్చే మందు రాసి, దుమ్ము తగలకుండా చూసుకోమని, దుప్పట్లు ఎండలో వేయమని చెప్పాడు. మేం దుప్పట్లు ఎండలో వేశాం. ఎంత గొప్ప ఇల్లో దుప్పట్లు చూసి వీధి తెలుసుకుంది. అక్క మందు పీల్చుకుని, చీరకొంగుతో మూతి తుడుచుకుని, ధాన్యపు కొట్టులోకి వెళ్లి తలుపు వేసుకుంది.

దగ్గు తగ్గలేదు. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం కూడా తోడయ్యాయి. అవి మందు వల్లనే అని అక్క, డాక్టరు వల్ల అని నేను తేల్చుకున్నాం.

ఆ వేసవి చివర్లో బావిలో చేపలు చచ్చాయి.

ఆ బావి నీళ్లు మేం తాగం. స్నానానికి, మొక్కలకు తోడుకుంటాం. నాన్న నిజాంసాగర్ నుంచి తెప్పించి వేసిన చేపల సంతతి అందులో ఉండేది. వేలంత పరకలు కొన్ని, ఒక కొర్రమట్ట. అవి దోమ పురుగులను తినేవి, మేం వాటిని తినేవాళ్లం కాదు. అక్క సాయంత్రం గట్టు మీద కూర్చుని ప్యాలాలు వేసేది. మనుషుల్లో ఎవరినీ ఆ గొంతుతో పిలవగా నేను వినలేదు. ఒక పొద్దున చూస్తే పరకలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. కొర్రమట్ట ఒక్కటి మిగిలింది. అది గాలి కూడా పీల్చే చేప. మాటిమాటికీ పైకొచ్చి, మూతి బయట పెట్టి, ఒక గుక్క మింగి మునుగుతోంది.

అక్క గట్టు మీద కూర్చుని చాలాసేపు చూసింది. తిట్టడానికి నోరు తెరిచింది. రాలేదు.

మా పెరటి గోడకు అవతల మక్కజొన్న చేను ఉంది. దాన్ని సాగు చేసేవాడి తాత మా దగ్గర జీతమున్నాడు. ఇప్పుడు వాడికి ట్రాక్టరుంది, నాకు సైకిలుంది. పంపు కొట్టి విషం మా బావిలోకి వదిలింది వాడేనని నాకు ఏ అనుమానమూ కలగలేదు. గట్టు మీద నిలబడి పిలిచాను.

"ఏమయ్యా, నీ చేనుకు కొట్టిన మందు మా బాయి దాకా వచ్చింది. చేపలన్ని సచ్చినయ్. నీకు కండ్లు కనవడతలేవా?"

వాడు పని ఆపి, నుదురు తుడుచుకుని, తాపీగా వచ్చాడు.

"దొరా, నా మక్కలకు మందు కొట్టి శానా రోజులాయె. వాన గూడ పడలే, పారొచ్చెటందుకు. అయినా ఆ మందు ఇచ్చింది ఎవరు? నువ్వే గదా. ఏం కాదు, మంచిగ పని చేస్తది అని సంచిల ఏసి ఇచ్చినవ్."

"కొట్టుమని ఇచ్చిన గని, మా బాయిల పొయ్యుమని ఇచ్చిన్నా?"

"మీ బాయి కన్న నా బాయి దగ్గర చేనుకు. మాపటికి వచ్చి ఇనుపో, కప్పలు ఎట్ల ఒర్రుతున్నయో. ఇసం నాదైతే ముందుగాల అవే సావాలె." అని వాడు వెనక్కి తిరిగి, అంతటితో ఊరుకోలేక, "గడి గోడలు దూకి పోయెటంత హుషారు మందు ఇంక నీ దుకాణంల రాలే దొరా" అన్నాడు.

సాయంత్రం నేను వినడానికి వెళ్లలేదు. గోడ ఇవతలి నుంచే వినబడింది. వాడి బావిలో కప్పలు కచేరీ పెట్టాయి. మా బావిలో ఒక్కటి కూడా లేదు. ఎప్పటి నుంచి లేవో కూడా నేను గమనించలేదు.

చేపలు పోయాక బావి నిండా దోమ పురుగులు. ఇంటి నిండా దోమలు. మేం దోమల చక్రాలు కొని అంటించాం. చేపలు ఊరికే చేసే పనికి మేం పొగ కొనుక్కున్నాం. ఆ పొగకు అక్క ఇంకా దగ్గింది.

నాకు అసలు సంగతి తెలిసింది నేను అందరికంటే చిన్నచూపు చూసే మనిషి వల్ల. ప్రకృతి వ్యవసాయం అంటూ ఒకాయన ఆటోకు మైకు కట్టుకుని ఊళ్లు తిరుగుతుంటాడు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, మట్టి అంటని చెప్పులు. సరిగ్గా మా దుకాణం ముందే ఆటో ఆపి, రసాయనాలు కొనకండి అని చెబుతాడు. మా సేటు వాడికి చాయ్ కూడా ఇప్పిస్తాడు.

"బంద్ చేయిస్తడట మన దుకాణం" అని సేటు నవ్వి, "చాయ్‌ల చక్కెర తక్కువెయ్యమను" అన్నాడు.

మైకు మోగుతోంది. "పేనుబంకకు మందు మీ ఇంట్లనే ఉన్నది. తంబాకు. నీళ్లల్ల నానవెట్టి వడగట్టి కొట్టుండ్రి. పురుగు మాడిపోతది. కానీ ఒక్క మాట. చెరువుల దగ్గర, చేపలున్న కాడ మాత్రం వాడకుండ్రి. చేప ఆగది."

నేను అప్పుడు ఒక రైతుకు డబ్బా చుట్టి ఇస్తున్నాను. చుట్టడం ఆపేశాను.

"ఏందన్నా?" అన్నాడు రైతు.

"ఏం లేదు. పొయ్యొస్త" అని సేటుకు చెప్పి ఇంటికి వచ్చాను.

నేరుగా పెరట్లోకి వెళ్లి బావి గచ్చు పక్కన కాలువ మీది బండను జరిపాను. కింద గచ్చు పగిలి ఉంది. పగులు బావి వరల వైపుకు పోతోంది. అందులో గోధుమరంగు బురద, తంబాకు వాసన. రోజూ రెండు చెంబుల నీళ్లు కొట్టి మేమే దాన్ని లోపలికి పంపాం. చేనువాడి మందు దూకలేని గోడను మాది దూకనక్కరలేదు. అది లోపలే ఉంది.

తర్వాత ధాన్యపు కొట్టు తలుపు తోశాను. అది నేను ఎన్నడూ చేయని పని. తలుపు సందులోంచి ఎండ పట్టీలా లోపలికి పడింది. ఆ పట్టీ నిండా దుమ్ము నిలబడి ఉంది. కదలడం లేదు. పోవడానికి దారి ఉంటే కదా. దాని వెనుక అక్క, చాట ముందు.

"తలుపు ఎయ్యి" అంది.

"అక్కా, చేపల్ని సంపింది మనమే."

"ఎవడన్నడు? ఆ మక్కలోడా?"

"ఆ కాలువ పగిలింది. నువ్వు పోసేదంతా బాయిలకే పోతున్నది. తంబాకు నీళ్లకు చేప ఆగదట."

ఆమె చేతిలో బీడీ సగం చుట్టి ఉంది. దాన్ని పూర్తి చేసి, దారం కట్టి, పక్కన పెట్టింది. "మరి యాడ పొయ్యాలె? బజార్ల పొయ్యాల్నా? బండోడు సూసి ఊరంత..." అని ఆగింది. ఊపిరి తీసుకుంది. "...ఊరంత చాటింపు ఎయ్యాల్నా?"

"అవి నీళ్లల్ల తాగినయ్. నువ్వు గాలిల తాగుతున్నవ్."

"నేను చేపనా?"

"కామారెడ్డి పోయి ఆ డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పుదాం."

"చెప్పినవంటే" అని మళ్లీ ఆగింది, "నీ చేతి నీళ్లు ముట్ట."

మా ఇంట్లో ఇలాంటి మాటలు ఊరికే అనరు. ఒక పెద్దమ్మ సరిగ్గా ఇదే మాట తన కొడుకుతో అని, చివరిదాకా నిలబెట్టుకుంది. ఆ కథను మేం పిల్లలప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్లం. కొట్టు తలుపు దగ్గర నిలబడి నేను మొదటిసారి ఆ పెద్దమ్మను మనసులో తిట్టుకున్నాను. బాగా తిట్టాను. పాలవాడు విని ఉంటే మెచ్చుకునేవాడు.

రెండోసారి కామారెడ్డికి వెళ్లినప్పుడు డాక్టరు గది ముందు బెంచీ మీద మా మేనమామ కోడలు కూర్చుని ఉంది. వాళ్లకు అక్కడ రైసుమిల్లు. మెడలో ఉన్నవి లెక్కపెట్టుకునేలా వేసుకొస్తుంది. అక్కను చూసి లేచి, కూర్చోమని, "ఏందొదినె, గింత సిక్కిపోయినవ్? గడిల గాలి పడతలేదా?" అంది. అక్క నవ్వి, "గాలి మాకు ఎక్కువైంది, అందుకే పడతలేదు" అంది. నాకు అంత పొట్టి జవాబుతోనే ఆమె ఎంత అలసిపోయిందో కనిపించింది.

డాక్టరు గదికి తలుపు లేదు, పరదా ఉంది. ఆయన మళ్లీ గొట్టంలోకి ఊదించాడు. పోయినసారి కంటే తగ్గిందని మొహం చిట్లించాడు. దుప్పట్లు ఎండలో వేశారా అని అడిగాడు.

"డాక్టర్ సాబ్" అన్నాను, "మా అక్క బీడీలు చేస్తది. గాలి రాని కొట్టుల, తలుపు ఏసుకుని, పొద్దుందాక."

మెల్లగా మాట్లాడడం మా ఇంట్లో ఎవరూ నేర్చుకోలేదు. పరదా అవతల గాజుల చప్పుడు ఆగిపోయింది.

డాక్టరు మొదటిసారి తల ఎత్తాడు. అక్క చెయ్యి తీసుకుని వేళ్లు చూశాడు. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు? దుమ్ము ఉందా అని నేను అడిగాను కదా?" అన్నాడు. ఆయన అడిగింది దుప్పట్ల గురించి. కానీ అది చెప్పడానికి మాకు అర్హత లేదు కాబట్టి ఊరుకున్నాను. ఆ సన్నని దుమ్ము ఊపిరి గొట్టాల్లో చేరి వాటిని రోజూ గీరుతూ వాపు పెడుతుందని, తంబాకులోని విషం తడి వేళ్ల చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుందని, తలనొప్పీ వికారమూ అందుకేనని చెప్పాడు. ఆ గదిలో ఇక అడుగు పెట్టొద్దన్నాడు. పనే మానేస్తే అన్నిటికంటే మంచిదన్నాడు. మందు మార్చాడు.

బయటికి వస్తుంటే మేనమామ కోడలు ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడం వారం తిరిగేలోగా బంధువర్గమంతా తిరిగి వస్తుందని నాకు తెలుసు. వచ్చింది కూడా. రామారెడ్డి అనే ఊళ్లో ఉండే దూరపు బంధువు ఒకాయన ఫోన్ చేసి, కుటుంబం పరువు గురించి నాకు బోధించాడు. మీరు పంపే సాయంతో మా పరువు బాగానే ఉందని చెప్పాను. ఆయన ఎన్నడూ ఏమీ పంపలేదు. ఫోన్ పెట్టేశాడు.

బస్సులో అక్క తన టికెట్ తనే తీసుకుంది. కిటికీ పక్కన కూర్చుని, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా అడవినీ చేన్లనూ చూసింది. ఇంట్లో నేను ముంచి పెట్టిన నీళ్లు అలాగే ఉన్నాయి. తనే వెళ్లి ముంచుకుని తాగింది.

తెల్లారి చప్పుడుకు లేచాను. పెద్ద దర్వాజ గడియ తీస్తున్న చప్పుడు. ఆ గడియ రెండు చేతులతో లాగాలి. నేను వెళ్లేసరికి అక్క తలుపులు రెండూ బార్లా తెరిచి, చాట, ఆకు, కత్తెర అరుగు మీద సర్దుకుంటోంది. మా అరుగు వీధి కంటే నిలువెత్తు మీద ఉంటుంది. ఒకప్పుడు జనం కింద నిలబడి పైకి చూస్తూ మాట్లాడేందుకు అలా కట్టారు. ఆ ఎత్తు మీద, ముక్కుకు మెత్తటి గుడ్డ కట్టుకుని, వెన్ను ఎక్కడా ఆనించకుండా కూర్చుని ఆమె ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.

ఎదురింటి ఆమె చాట పట్టుకుని బయటికి వచ్చి, నోరు తెరిచి నిలబడింది.

"అయ్యో దొరసానమ్మా! బయటికొచ్చినవేందమ్మా?"

"నీ ఇంటి ముంగట నువ్వు కూసుంటే తప్పు లేదు, నా ఇంటి ముంగట నేను కూసుంటే నీకేం నొప్పి?"

"నాకెందుకు నొప్పి తల్లీ. ఇంక ఆ పెరుగు గంప మోసుడు తప్పింది. నా నడుము బతికింది." అని ఆమె పక్కనున్న వాళ్ల వైపు కన్ను గీటింది. "రేపటి సంది పైకి ఇసిరేస్త, పట్టుకో."

"ఇసిరితే ఆకు చినుగుతది. మెట్లెక్కి తెచ్చియ్యి."

వీధిలో పోతున్న ముసలాయన ఒకడు ఆగి, తల పంకించి, "కాలం గిట్లొచ్చింది దొరసానీ" అన్నాడు.

"కాలం రాలే" అంది అక్క. "నేనే వచ్చిన."

ఇక్కడితో జబ్బు పోయిందని చెప్పడానికి నేను మైకు కట్టిన ఆటోవాణ్ని కాను. తంబాకు బయట కూడా తంబాకే. ఎదురింటి గడప మీద గాలిలో కూర్చునే ఆడవాళ్లు కూడా దగ్గుతారు, కాకపోతే నవ్వుతూ దగ్గుతారు. పని మానెయ్యమని నేను అక్కకు చెప్పాను. "మానేసి నీ మీద పడి తినాల్నా?" అంది. నా మీద పడి తినడానికి ఏముందో ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆ మాట అక్కడ ఆగింది. ధాన్యపు కొట్టుకు తాళం వేశాను. తాళంచెవి పెరటి గోడ మీదుగా చేనులోకి విసిరాను. మక్కలోడు దాన్ని తెచ్చి ఇచ్చి, "ఇది గూడ నా చేనుల నుంచి మీ ఇంట్లకు దుంకిందా దొరా?" అన్నాడు. వాడి నోరు కూడా బాగానే ఉంటుంది. మా ఇంట్లో జీతమున్న వంశం కదా, అక్కడే నేర్చుకుని ఉంటారు.

వాడే మోటరు పెట్టి బావి నీళ్లు తోడేశాడు. ఎక్కడికి తోడాలని అడిగాడు. చేనులోకి వద్దన్నాడు, వీధిలోకి నేను వద్దన్నాను. చివరికి ఎప్పటినుంచో ఏమీ మొలవని మా కూలిన పడమటి భాగంలో గుంట తవ్వి ఇంకించాం. గచ్చు పగులు సిమెంటుతో మూయించాను. కొర్రమట్టను ఒక గోలెంలో ఉంచి తర్వాత బావిలో వదిలాం. బతికింది. కొత్త పరకలు తెచ్చి వేశాం. దోమల చక్రాలు మానేశాం.

తంబాకు ఊడ్పులు ఇప్పుడు చెత్తబండికి ఇస్తున్నాం. బండివాడు ఊరి చివర గుట్టగా పోస్తాడు. వాన పడితే అది వాగులోకి పోతుంది. వాగులోనూ చేపలుంటాయి. మా బావిని బాగు చేసుకుని వాగుకు పంపించామన్నమాట.  

మొన్నొక పొద్దున నేను దుకాణానికి బయలుదేరి చెప్పులు వేసుకుంటున్నాను. మలుపులో బండివాడు ప్లాస్టిక్ కుప్పకు అగ్గిపెట్టాడు. నల్లటి పొగ వీధి పొడుగునా పాకి అరుగు మీదికి వచ్చింది. అక్క చేతిలో పని కింద పెట్టి, మూతికి కట్టిన గుడ్డ కిందికి లాగింది.

బండివాడితో మొదలైంది. వాడి అగ్గిపెట్టె, ఆ అగ్గిపెట్టె అమ్మిన కొట్టువాడు, సంచి తేకుండా సంతకు పోయి కవర్లు మోసుకొచ్చే ఆడవాళ్లు, ఆ కవర్లు తిని కడుపుబ్బి చచ్చిన ఆవు, ఆ ఆవు పేరు చెప్పి ఊరేగే మొగవాళ్లు, మొక్క నాటి నీళ్లు పోయని పెద్దమనుషులు, చెయ్యి చూడకుండా మందు రాసే డాక్టరు, విషం సంచిలో వేసి మంచిగ పని చేస్తది అని ఇచ్చే తమ్ముడు, కిటికీ పెట్టకుండా కొట్టు కట్టిన ముత్తాత. ఎదురింటి ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. పాలవాడు సైకిలు దిగాడు. నేను ఒక చెప్పు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని, ఎక్కడ ఆగుతుందోనని చూస్తున్నాను. ఆగలేదు. ముత్తాత దగ్గర మలుపు తిరిగి, తిన్నగా వచ్చి, బండివాడి అగ్గిపెట్టె దగ్గరే దిగింది.

బండివాడు నీళ్లు తెచ్చి మంట మీద పోసి, చేతులు తుడుచుకున్నాడు.

"అయిపోయిందా అమ్మా?"

అక్క అప్పుడు ఊపిరి తీసుకుంది.

"ఇంక ఉన్నది. నిలబడు."